బడంగ్‌పేట్ బ్రహ్మదండి, హిమాలయపు స్వర్ణక్షీరి

చలికాలం ముగిసే వేళ బడంగ్‌పేట్, నాదర్‌గుల్, బాలాపూర్ వైపు వెళ్ళేవారికి ఒక మొక్క తప్పక కనబడుతుంది. ఇల్లు ఇంకా లేవని ప్లాట్లలో, పునాదుల కోసం తవ్విపోసిన మట్టికుప్పల మీద, రోడ్డు పక్క గులకరాళ్ళ నడుమ, మోకాలెత్తున ముళ్ళతో నిలబడి, నిమ్మపండు ఛాయ పూలను నెత్తిన పెట్టుకొని ఉంటుంది. ఆకు బూడిదవన్నె కలిసిన ఆకుపచ్చ. ఈనెల వెంబడి సున్నపు గీతల వంటి తెల్లని చారలు. అంచున ప్రతి మొనకూ ఒక ముల్లు. పూవు మాత్రం పట్టుగుడ్డకంటె పలుచన. సాధారణంగా ఆరు రేకులు, నడుమ పసుపు కేసరాల గుంపు, ఆ గుంపు మధ్య ఎర్రని కీలాగ్రం. కాడ తుంచితే పసుపు కలిపిన పాలు కారతాయి. పొలం పోయి ఇల్లు వచ్చేలోపు భూమికి ఉండే ఆ అనాథకాలమే ఈ మొక్కకు రాజ్యం. ఒకనాటి పల్లెటూరు బడంగ్‌పేట్ 2019లో నగరపాలక సంస్థ అయింది. అటువంటి నడిమికాలపు నేల ఇక్కడ చాలాకాలంగా పుష్కలం.

దీనిని తెలుగువారు బ్రహ్మదండి అంటారు. బలురక్కసి అన్న పేరూ ఉన్నది. ఆ ముళ్ళను తాకినవారికి ఆ పేరు ఎందుకో చెప్పనక్కరలేదు. కుసుమచేలు ఎరిగిన రైతులు పిచ్చికుసుమ అన్నారు, ఆకు కుసుమ ఆకును పోలి ఉంటుంది గనుక. హిందీవారి పేరు సత్యానాశి. శాస్త్రనామం ఆర్గెమోనె మెక్సికానా. గసగసాల కుటుంబానికి చెందినది. ఇంతవరకూ తగవు లేదు. తగవంతా అయిదవ పేరుతో వస్తున్నది. ఆధునిక ఆయుర్వేద గ్రంథాలు అనేకం ఈ మొక్కే చరకుడు చెప్పిన స్వర్ణక్షీరి అని వ్రాస్తున్నాయి. స్వర్ణక్షీరి అంటే బంగారు పాలు గలది. పాలు చూస్తే పేరు సరిపోయినట్లే ఉంది. నిజంగా సరిపోయిందా అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్న విషయం.

ముందు పాఠాన్ని చూద్దాం. చరకసంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో ఔషధాలను పదేసి చొప్పున గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క పని చెప్పారు. అందులో భేదనీయమనే గుంపు ఒకటి: కోష్ఠంలో గట్టిపడిన దానిని విడగొట్టి బయటకు పంపేవి. జిల్లేడు, ఆముదం, చిత్రమూలం వంటివాటితో పాటు ఆ పదింటిలో స్వర్ణక్షీరిణి ఉన్నది. మొక్క ఎట్లుంటుందో చరకుడు వర్ణించలేదు. వర్ణించవలసిన అవసరం ఆయనకు లేదు. వినే శిష్యుడికి గురువు మొక్కనే చూపేవాడు. చిక్కంతా ఆ చూపించే వేలు లేకుండా పుస్తకం మాత్రమే మిగిలిన మనకు.

పదహారవ శతాబ్దపు భావమిశ్రుడు మనకు కొంత మేలు చేశాడు. భావప్రకాశంలో స్వర్ణక్షీరికి పర్యాయపదాలిచ్చాడు: కటుపర్ణి, హైమవతి, హేమక్షీరి, హిమావతి, హేమాహ్వ, పీతదుగ్ధ. దీని వేరును చోకమంటారని కూడా చెప్పాడు. సంస్కృత నిఘంటువులలో పర్యాయపదమంటే కవితాలంకారం కాదు, ఒక విధంగా గుర్తింపు చీటీ. ఒక్కొక్క పేరు ఒక్కొక్క లక్షణం చెబుతుంది. కటుపర్ణి, అంటే ఆకు కారం. హేమక్షీరి, పీతదుగ్ధ, అంటే పాలు పసుపు. హైమవతి, హిమావతి, అంటే హిమవంతం నుండి వచ్చినది. ఇక్కడ ఆగి ఆలోచించండి. పూల ఊసు లేదు. ముల్లు ఊసు అసలే లేదు.

నా దృష్టిలో ఈ రెండవ మౌనమే పెద్ద సాక్ష్యం. మన ప్రాచీనులు ముళ్ళ విషయంలో ఎంత జాగరూకులో చూడండి. పల్లేరుకు త్రికంటకమన్నారు, ఆవు డెక్కకు గుచ్చుకుంటుందని గోక్షురమన్నారు. నేలవాకుడుకు కంటకారి అన్నారు. ఆకు, కాడ, కాయ అన్నీ ముళ్ళే అయిన మొక్కను చేత పట్టుకొని, దానికి ఆరు పేర్లు పెట్టి, ఒక్కదానిలోనూ కంటకమనే మాట రానివ్వకపోవడం ఆ సంప్రదాయానికి సాధ్యమని నేను అనుకోను. పైగా హిమవంతం. బ్రహ్మదండి మైదానపు మొక్క. ఎండ, గులక, పాడుబడ్డ నేల దానికి ప్రీతి. మంచుకొండల పచ్చికలతో దానికి చుట్టరికం లేదు.

ఈ పాఠాల మాట వచ్చింది గనుక ఒక చిన్న పక్కదారి. బడంగ్‌పేట్‌కు దగ్గరలోనే, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని ఉన్న గడ్డిఅన్నారంలో, భారతీయ వైద్యవారసత్వ జాతీయ సంస్థ ఉన్నది. దాని మూలం విశాఖపట్నంలో. అక్కడి ఆంధ్ర వైద్యకళాశాలలో 1944లో డాక్టర్ డి.వి.సుబ్బారెడ్డిగారు వైద్యచరిత్ర విభాగాన్ని నెలకొల్పారు. 1956లో అది హైదరాబాదుకు, ఉస్మానియా వైద్యకళాశాలకు తరలింది. ఇప్పటి పేరు 2009 నుండి. చరకసంహితను, నిఘంటువులను అక్షరం అక్షరం వెతకదగినట్లు అంతర్జాలంలో ఉంచిన సంస్థ అది. స్వర్ణక్షీరి అన్న పదం ఎక్కడెక్కడ వస్తుందో వెతకాలంటే ఒకప్పుడు తాళపత్రాల ముందు నెలలు కూర్చోవలసినది. ఇప్పుడు గడ్డిఅన్నారం వారి పుణ్యమా అని కొన్ని క్షణాల పని. తూర్పు హైదరాబాదులో కొత్త కాలనీల గురించే గాని ఇటువంటి సంస్థ గురించి మాట్లాడుకునేవారు తక్కువ.

అసలు విషయానికి వద్దాం. శాస్త్రనామంలోనే మెక్సికో ఉన్నది. లిన్నేయస్ 1753లో ఆ పేరు పెట్టినది తోచీ తోచక కాదు. మొక్క పుట్టిల్లు ఆ ప్రాంతమే. అక్కడి అజ్టెక్ ప్రజలు తమ నహువాత్ల్ భాషలో దీనిని చికలోత్ల్ అన్నారు. స్పానిష్‌వారి నోట అది చికలోతె అయింది. నేటికీ మెక్సికోలో ఆ పేరే. కొలంబస్ అట్లాంటిక్ దాటినది 1492లో, వాస్కో డ గామా కాలికట్టు చేరినది 1498లో. అమెరికా మొక్కలు మనకు చేరినది ఆ పిమ్మటనే: మిరప, పొగాకు, బొప్పాయి, వేరుసెనగ. వీటిని మనం కోరి పెంచుకున్నాం. చికలోత్ల్ ఎవరూ కోరకుండానే వచ్చింది. నల్లని చిన్న గింజలు, కాయ తలవిచ్చి వందలుగా రాలేవి, ధాన్యంలో కలిసి ప్రయాణం చేయడానికే పుట్టినట్లుంటాయి. హుకర్ సంపాదకత్వంలో వెలువడిన బ్రిటిష్ ఇండియా వృక్షసంపుటాల మొదటి భాగం 1875లో పూర్తయ్యేనాటికి ఇది దేశమంతటా స్థిరపడిన పరాయి మొక్కగా గుర్తింపు పొందింది.

మరి క్రీస్తుశకపు తొలి శతాబ్దాల నాటి చరకసంహితలోనికి ఇది ఎట్లా దూరింది? దూరలేదు. పేరు పుస్తకంలో నుండి బయటకు వచ్చి దీని మీద వాలింది. దూరపు కొండల మూలిక మైదానంలోని వైద్యుడికి దొరకదు. దొరకనప్పుడు ఇంటి ముందు పసుపు పాలు కార్చే మొక్క కనబడింది. పూవుకూడా పసుపే. ఇక సందేహమెందుకు? ఇది వైద్యుల అజ్ఞానమని తీసిపారేయడం న్యాయం కాదు. యూరపులో జరిగినదీ సరిగ్గా ఇదే. ఆర్గెమోనె అన్నది మెక్సికో మాట కాదు, గ్రీకుమాట. ప్రాచీన గ్రీకు వైద్యుడు డియాస్కోరిడీస్ ఆ పేరుతో వర్ణించినది మధ్యధరా ప్రాంతపు గసగసాల వంటి మొక్కను. కంటిపొరకు మందని ఆ పేరు. ఆ పాతపేరును యూరపు వృక్షశాస్త్రజ్ఞులు సముద్రం దాటివచ్చిన కొత్త మొక్కకు అంటగట్టారు. ఒకే మెక్సికో మొక్కను పట్టుకొని అక్కడివారు గ్రీకు గ్రంథంలో, ఇక్కడివారు సంస్కృత గ్రంథంలో చోటు చూపించారన్నమాట!

తెలుగుపేరూ అరువే. సంస్కృత గ్రంథాల బ్రహ్మదండిగా ఎక్కువమంది గుర్తించేది ట్రైకోలెపిస్ గ్లాబెరిమా అనే వేరే మొక్కను. దక్కను, మధ్యభారతాలలో పెరిగేది, ఊదాపూలది, కుసుమ కుటుంబానికి చెందినది. మన దగ్గర ఆ పేరు మెక్సికో ముళ్ళమొక్కకు దక్కింది. వింతపడవలసినది లేదు. బాలానగర్ సీతాఫలం రుచి చూసినవారెవరైనా దానిని అమెరికా పండంటే ఒప్పుకుంటారా? అయినా అది అమెరికా పండే. వనవాసపు సీతమ్మ పేరు పెట్టుకొని మనదైపోయింది. బతుకమ్మలో తంగేడు మన మన్ను మొక్క, పక్కనే పేర్చే బంతి మెక్సికోది. వచ్చినవారికి ఇంటిపేరు ఇచ్చి కలుపుకోవడం మన భాష స్వభావం. అది మంచి స్వభావమే. పూలకూ పండ్లకూ చెల్లుతుంది. మందుల దగ్గరే చిక్కు.

తెలుగు మొక్కల పేర్లను పద్ధతిగా వ్రాసిపెట్టినవారిలో విలియం రాక్స్‌బర్గ్‌ను స్మరించాలి. 1781 నుండి సామర్లకోటలో ఉండి, 1793లో కలకత్తా వనానికి వెళ్ళేవరకు, ఉత్తర సర్కారుల మొక్కలను తెలుగుపేర్లతో సహా నమోదు చేశాడు. సోమిద చెట్టు పేరు సోయ్‌మిడా అని శాస్త్రనామంలో నిలిచినది ఆ తరం కృషి వలననే. ఆయన మరణానంతరం 1832లో పూర్తిగా అచ్చయిన ఫ్లోరా ఇండికాలో ఈ ముళ్ళమొక్కకూ చోటున్నది. తరువాత 1859లో సర్ వాల్టర్ ఇలియట్, ఉత్తర సర్కారుల తెలుగు మొక్కల పేర్లకే ప్రత్యేకంగా ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకం తెచ్చాడు. వీరి పద్ధతిలో గమనించవలసినది ఒకటున్నది. ముందు మొక్క, తరువాత పేరు. ఊరివారు ఏ మొక్కను ఏమంటున్నారో వ్రాసుకోవడం వారి పని. శాస్త్రగ్రంథంలో పేరు ఉన్నది గనుక దానికొక మొక్కను వెతికి తేవడం దీనికి పూర్తిగా తలకిందుల పని. స్వర్ణక్షీరి కథ చెడినది అక్కడే.

ఎదుటిపక్షం వాదన కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని నర్హన్ అనే చోట జరిగిన తవ్వకాలలో, క్రీస్తుపూర్వపు పొరలలో, మాడిన ఆర్గెమోనె గింజలు దొరికాయని లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన కె.ఎస్.సరస్వత్, ఆయన సహచరులు 1990లలో ప్రకటించారు. కొలంబస్‌కు ముందే మహాసముద్రాల మీద రాకపోకలున్నాయని నమ్మేవారికి ఇది పెద్ద ఆధారమైంది. నేను దీనిని కొట్టిపారేయను. కాని ఆవగింజంత విత్తనం చీమల పుట్టలగుండా, ఎలుక కలుగులగుండా కింది పొరలకు దిగడం తవ్వకాలలో ఎరుగని సంగతి కాదు. ఒకటి రెండు చోట్ల గింజల మీద ఒక మహాసముద్రాన్ని దాటించడం బరువెక్కువ. ఒకవేళ ఆ గింజలు నిజంగా అంత పాతవే అనుకున్నా, హైమవతి అన్న పేరుకూ ముల్లు లేని ఆ పేర్ల జాబితాకూ అవి సమాధానం చెప్పవు.

అయితే అసలు స్వర్ణక్షీరి ఏది? కొందరు పండితులు పశ్చిమ హిమాలయాలలోని యుఫోర్బియా థామ్సోనియానాను చూపారు. మంచు కరిగిన పిమ్మట ఎత్తైన వాలులలో, లావుపాటి వేరు నుండి గుబురుగా లేచే మొక్క. పూల చుట్టూ ఉండే ఆకులు పసుపుపచ్చ, దూరానికి అవే పూలనిపిస్తాయి. యుఫోర్బియాలు విరేచనకారులు; కాబట్టి భేదనీయమన్న పనికి సరి. వేరును ప్రత్యేకంగా చోకమన్నారు కదా, లావు వేరూ సరి. హైమవతి సరి. ఒక్క పాలే సందేహం, ఆ జాతి పాలు సామాన్యంగా తెల్లనివి. మరికొందరు గార్సీనియా జాతి చెట్టు కార్చే పచ్చని జిగురును సూచించారు. పాలు బంగారు వన్నే, విరేచనమూ చేస్తుంది. కాని అది పడమటి కనుమల వంటి తడి అడవుల చెట్టు, హిమవంతం మాట పొసగదు. బ్రహ్మదండికి పాలు తప్ప ఏదీ పొసగదు. నా మొగ్గు కొండ పచ్చికల మొక్క వైపే, కాని ముద్ర వేసి ఇదే అనగల స్థితి లేదు. బడంగ్‌పేట్ పొరుగునే గుర్రంగూడలో అటవీశాఖవారి సంజీవని వనం ఉన్నది. సంజీవని విషయంలో హనుమంతుడు ఏ మొక్కో తెలియక పర్వతాన్నే ఎత్తుకొచ్చాడు. గుర్తు తెలియనప్పుడు చేతికందినదానిని తేకపోవడంలో ఆయన వివేకం కనబడుతుంది నాకు.

ఇది పండితుల కాలక్షేపమైతే ఇంత వ్రాయనక్కరలేదు. కలకత్తాలో 1877లో ఒక వింత వ్యాధి ప్రబలింది. కాళ్ళు నీరుపట్టి ఉబ్బడం, ఆయాసం, గుండె నీరసించి మరణం. ఒకే ఇంటిలో అందరికీ వచ్చేది. ఎపిడెమిక్ డ్రాప్సీ అన్నారు. అంటువ్యాధి అనుకున్నారు, బెరిబెరి అనుకున్నారు, బియ్యాన్ని అనుమానించారు. ఆవనూనె మీద వేలు చూపినది 1926లో ఎస్.ఎల్.సర్కార్. ఆవనూనెలో కలిసిన బ్రహ్మదండి గింజల నూనే కారణమని 1930ల పరిశోధనలు స్థిరపరచాయి. అర్ధశతాబ్దం పట్టింది! ఆ నూనెలోని సాంగ్వినరీన్ అనే పదార్థం సన్నని రక్తనాళాల గోడలను వదులు చేసి నీరు బయటకు ఊరేటట్లు చేస్తుంది. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాలలోనూ ఈ రోగం నమోదైంది. 1998 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఢిల్లీలో అరవైమందికి పైగా మరణించారు, సుమారు మూడువేలమంది జబ్బుపడ్డారు. విడి ఆవనూనె అమ్మకాన్ని ప్రభుత్వం ఆపింది. వంటనూనెల ప్యాకింగు ఉత్తర్వు ఆ సెప్టెంబరులోనే వచ్చింది.

ఈ రోగంలో కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, చూపు పోవచ్చు. పల్లెలలో ఈ మొక్క పసుపు పాలను కంటికలకకు చుక్కలుగా వేసే అలవాటు చాలా ప్రాంతాలలో ఉండేది. గ్రీకుపేరు కంటిమందు, నాటువైద్యం కంటిమందు. మొక్క మాత్రం కంటికి శత్రువు. ఒక పేరు తప్పు మొక్క మీద వాలితే జరిగేది ఇది. స్వర్ణక్షీరి అని నమ్మి వాడే వైద్యుడికి చరకుడి అండ ఉన్నదనే ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యానికి ఆధారం లేదు. చరకుడు ఈ మొక్కను చూడలేదు.

దీని గుణాన్ని దీనిగా చూసినవారు లేకపోలేదు. ఆఫ్రికాలోని మాలి దేశంలో పల్లెవైద్యులు మలేరియాకు ఈ ఆకుల కషాయం ఇస్తారు. వారు దేనిని ఏమని పిలుస్తున్నారన్న తగవు పెట్టుకోకుండా, రోగులు ఏమయ్యారో ముందు లెక్కపెట్టారు పరిశోధకులు. 2010లో వెలువడిన ఫలితాలలో 301 మంది రోగులను పోల్చి చూస్తే, కషాయం తాగినవారిలో 89 శాతం, ఆధునిక మందు తీసుకున్నవారిలో 95 శాతం మరో మందు అవసరం లేకుండా కోలుకున్నారు. వాడినది ఆకు, గింజ కాదు. అంటే ఈ మొక్కకు చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది, అది మెక్సికోలో మొదలై మాలిదాకా నడిచింది.

తెలుగుదేశంలో వంట నువ్వులనూనె, వేరుసెనగనూనెలతో గనుక కలకత్తా గతి మనకు పట్టలేదు. కాని ఆవాలు లేని పోపులపెట్టె మనకు లేదు, ఆవపిండి లేనిదే ఆవకాయ లేదు. చైత్రం, వైశాఖాలలో బడంగ్‌పేట్ ప్లాట్లలోని ముళ్ళకాయలు ఎండి తలవిచ్చి గింజలు రాల్చే రోజులూ, ఇళ్ళలో మామిడికాయ ముక్కలు కొట్టే రోజులూ ఒకటే. గింజలు ఆవాలను అచ్చంగా పోలి ఉంటాయి. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఆవగింజ నున్నన, గుండ్రన. బ్రహ్మదండి గింజ గరుకు. భూతద్దం కింద పెడితే వలగీతలు కనబడతాయి. వేళ్ళ మధ్య నలిపి చూస్తే ఆవగింజ లోపల పసుపు, బ్రహ్మదండి గింజ లోపల తెలుపు. నూనెకైతే కొంచెం నత్రికామ్లం కలిపి చూస్తారు. కల్తీ ఉంటే నారింజవన్నె దాటి ఎరుపుకు తిరుగుతుంది, అది ప్రయోగశాలలో చేయవలసిన పని. గింజ నలపడానికి మాత్రం వేలిగోరు చాలు. బయట పసుపు పూసి లోపల తెల్లగా ఉండేది బ్రహ్మదండి, బయట నల్లగా ఉండి లోపల పసుపు దాచుకొనేది ఆవ.